చింత నుంచి ఆర్తికి: పురుషోత్తమ చౌదరి కీర్తనల్లో నమ్మిక వ్యాకరణం

పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలపై జరిగిన పరిశీలన ప్రధానంగా రెండు విషయాల చుట్టూ తిరిగింది. ఒకటి, క్రైస్తవ వస్తువును కర్ణాటక రాగతాళాల్లో నిలిపిన తొలితరం వాగ్గేయకారుడుగా ఆయన స్థానం. రెండవది, శరణు, కరుణ, ముక్తి, పాదసేవ వంటి వైష్ణవ భక్తి పదజాలాన్ని ఆయన క్రీస్తుపరం చేసిన తీరు. 1983లో వెలువడిన ఆర్.ఆర్. సుందరరావు ఆంగ్ల గ్రంథం తెలుగు క్రైస్తవ కీర్తనల్లోని భక్తి తత్త్వాన్ని ప్రత్యేక పరిశోధనాంశంగా స్థిరపరచింది. ఆ తరువాతి పరిశీలన ఎక్కువగా పదజాలం వెంటే నడిచింది. నామవాచకాలను ఏరి, వాటి మూలాలను చూపి, సంస్కృతీ సమన్వయం జరిగిందని తేల్చడంతో చర్చ ముగుస్తూ వచ్చింది. క్రియారూపాల జోలికి వెళ్ళినవారు తక్కువ. చౌదరి కీర్తనల్లో నమ్మికకూ చింతకూ మధ్య ఉన్న సంబంధం తెలియాలంటే క్రియలనే చూడవలసి ఉంటుంది.

చింతపడవద్దని, దేవుణ్ణి నమ్మమని చెప్పే బోధ క్రైస్తవంలో కేంద్రస్థానం గలది. మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో ఆహారం, వస్త్రం గురించి చింత కూడదని యేసు తన శిష్యులకు చెబుతాడు. ఆకాశపక్షులను, అడవిపువ్వులను చూపుతాడు. ఆ మాటలు తెలుగులోకి వచ్చినప్పుడు ‘చింతించు’ అనే క్రియ వాటిని మోసింది. ఈ ఎంపిక అనువాదకులు ఊహించని ఒక చిక్కును తెచ్చింది.

‘చింత’కు మూలమైన సంస్కృత ధాతువుకు స్మృతి అని అర్థం. తలపోత, ధ్యానం, మననం దాని సహజ వ్యాప్తిలోనివే. తెలుగులో అది దుఃఖం వైపు ఒరిగింది. ‘విచారం’ గతీ ఇదే. హిందీలో ఆలోచనగానే నిలిచిన ఆ మాట తెలుగింట అడుగుపెట్టి శోకమైంది. ఆలోచనను తెలిపే రెండు తత్సమాలు ఒకే భాషలో ఒకే దిక్కుకు జారడం అర్థవిపరిణామ శాస్త్రజ్ఞులకు మంచి విషయమే గాని, ఇక్కడ అవసరమైనది దాని ఫలితం. ‘చింతింపకుడి’ అన్న విధిని విన్న తెలుగు శ్రోతకు దిగులు పడవద్దన్న అర్థంతో పాటు ఆలోచించవద్దన్న అర్థం కూడా వినిపించే వీలుంది. 1611 నాటి ఆంగ్ల బైబిలు కూడా ఈ సందర్భంలో ఆలోచనను తెలిపే మాటనే వాడింది. గ్రీకు మూలంలోని ‘మెరిమ్న’ను విభజనార్థక ధాతువుతో ముడిపెట్టి, రెండుగా చీలిన మనస్సు అని వివరించే వ్యాఖ్యాతలున్నారు. ఆ వివరణ ప్రకారం నిషేధం పడినది ఆలోచన మీద కాదు, మనస్సు చీలిక మీద. తెలుగు క్రియలో ఆ గీత కనబడదు.

మరొక అంశం. ఆ విధి మధ్యమ పురుష బహువచనంలో, వ్యతిరేకార్థంలో ఉంది. చెప్పేవాడు ప్రభువు, వినేవారు మనుషులు. ప్రసంగ వేదిక ఎక్కిన బోధకుడు దానిని యథాతథంగా సంఘానికి అందిస్తాడు. చౌదరి స్వయంగా అటువంటి బోధకుడే. పర్లాకిమిడి ప్రాంతపు వంగ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, నాటి గంజాం, విశాఖపట్నం మండలాల్లో దశాబ్దాల పాటు ప్రచారకుడుగా తిరిగినవాడు. ‘కులాచార పరీక్ష’ వంటి రచన చేసిన వాదశీలి. అయినా కీర్తన దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆ విధ్యర్థకాన్ని ప్రక్కన పెట్టాడు.

ఆయన పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే రెండు కీర్తనలు ‘త్రాహిమాం క్రీస్తునాథ’, ‘నీ చరణములే నమ్మితి’. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటి ద్వారా శాఖాభేదం లేకుండా సంఘాలన్నిటిలో పాడుకొనేవి. రెండింటిలోనూ ఎదుటి మనుషులకు చేసే బోధ లేదు. విధ్యర్థకం ఉంది గాని అది దిశ మార్చుకొంది. అక్కడ ప్రభువు మనుషులను ఆజ్ఞాపించగా ఇక్కడ మనిషి ప్రభువును పిలుస్తున్నాడు. ‘త్రాహి’ మధ్యమ పురుష ఏకవచనం. దాని వెంటనే వచ్చే ‘రావే’ కూడా అంతే. ‘రావే’ రెండు కీర్తనల్లోనూ ఉంది. నేటి వ్యవహారంలో స్త్రీ సంబోధనగా స్థిరపడిన ఈ రూపం కీర్తన సంప్రదాయంలో దైవంతో చనువుకూ వేడికోలుకూ వాడుకైనది. పిలిచేవాడికి పిలుపు అందుకొనేవాడిపై హక్కు ఉన్నదన్న ధ్వని అందులో ఉంది.

దీని ప్రక్కనే ‘నమ్మితి’ని నిలిపి చూడాలి. అది ఉత్తమ పురుష ఏకవచన భూతకాలం. రెండవ కీర్తనలో నమ్మడం, పట్టడం, మ్రొక్కడం అనే చర్యలన్నీ ఈ భూతకాలంలోనే, ఒక్కొక్కటి రెండేసి, మూడేసి మార్లు ఆవృత్తమవుతాయి. నమ్మడం ముగిసిన పని. రావడం ఇంకా జరగని పని. ముగిసిన నమ్మికకూ జరగని రాకకూ మధ్య ఉన్న ఖాళీయే కీర్తన పాడుతున్న స్థలం. చింత అనే మాట వాడకుండానే చింతకు చోటు ఏర్పడినది అక్కడ. నమ్మినవాడు నమ్మితినని ఒకసారి అంటే చాలు. మళ్ళీ మళ్ళీ అనవలసి రావడంలో నమ్మిక బలం ఎంత ఉందో, దానిని పట్టి ఉంచడానికి పడే ప్రయాస కూడా అంతే ఉంది.

దీనికి ఒక ఆక్షేపం రావచ్చు. ‘నమ్మితి’, ‘రావే’ తెలుగు భక్తి గేయాల సామాన్య సూత్రాలనీ, రామదాసు మొదలు త్యాగరాజు వరకు అందరూ వాడినవేననీ, వాటినుంచి ఇంత అర్థం పిండడం అతివ్యాప్తి అనీ అనవచ్చు. సూత్రమన్నది నిజమే. ఆ సూత్రానికి సిద్ధాంత బలం కూడా ఉంది. వైష్ణవ ఆచార్యులు శరణాగతికి చెప్పిన ఆరు అంగాల్లో రక్షిస్తాడన్న మహావిశ్వాసం ఒకటి, రక్షించమని వరించే గోప్తృత్వవరణం మరొకటి. విశ్వాసం ఉన్నచోట అడగడం ఎందుకన్న ప్రశ్న వేసుకొని కూడా వారు రెండింటినీ వేరు వేరు అంగాలుగానే ఉంచారు. ‘నమ్మితి’ మహావిశ్వాసానికీ, ‘రావే’ గోప్తృత్వవరణానికీ సరిపోతాయి. తన దైన్యాన్ని ఒప్పుకొనే కార్పణ్యం అనే అంగం కూడా ‘త్రాహిమాం’లో ఉంది. గవ్వ పాటి విలువ చేయనివాడుగా గాయకుడు తనను చెప్పుకొంటాడు. ‘గవ్వ చేయని’ అన్నది పాత తెలుగు నుడికారమే. అయితే ఒడిశాలో 19వ శతాబ్ది తొలి సంవత్సరాల దాకా గవ్వ నిజంగా చెలామణి అయిన డబ్బు. 1817 పైకుల తిరుగుబాటు కారణాల్లో గవ్వల చెలామణి పోయి వెండి నాణెం తప్పనిసరి కావడాన్ని చరిత్రకారులు చేర్చారు. 1803లో ఆ సరిహద్దున పుట్టిన కవి నోట గవ్వ అలంకారం మాత్రమేనని అనుకోవడం కష్టం. లెక్కకు రాకుండా పోయిన నాణెం అది.

శ్రీకూర్మం, సింహాచలం క్షేత్రాల నడుమ, జగన్నాథుని నీడలో పెరిగిన భాష ఇది. చౌదరి ఈ సిద్ధాంతాన్ని శాస్త్రంగా చదివాడో లేదో ఇక్కడ ముఖ్యం కాదు. క్రైస్తవ విధి ఈ వ్యాకరణంలోకి వచ్చినప్పుడు ఏమైంది అన్నదే ప్రశ్న. ‘చింతింపకుడి’ అన్న మాటను తెలుగు కీర్తన ‘నిశ్చింత’గా అనువదించలేదు. ఆర్తిగా అనువదించింది. భగవద్గీత నాలుగు విధాల భక్తులను పేర్కొంటూ ఆర్తుణ్ణి మొదట చెప్పడం, పోతన భాగవతంలో గజేంద్రుడు పోరాడి, అలసి, సందేహించి, ఆ తరువాతే పూర్తిగా మొరపెట్టడం తెలుగు శ్రోతకు తెలిసిన మార్గం. ఆ మార్గంలో కలత నమ్మికకు విరోధి కాదు. నమ్మిక నోరు తెరిచేది కలతలోనే.

ఇది బైబిలు బోధ నుంచి తప్పుకోవడమని అనిపించవచ్చు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాల్గవ అధ్యాయం చూస్తే ఆ అనుమానం తగ్గుతుంది. అక్కడ చింత వద్దన్న వెంటనే పౌలు చెప్పినది విన్నపాలను దేవునికి తెలియజేయమని. చింత ఖాళీ చేసిన చోటును అతడు ప్రశాంతతతో వెంటనే నింపలేదు. ముందు ప్రార్థనను పెట్టాడు, సమాధానం దాని వెనుక వస్తుంది. పేతురు మొదటి పత్రికలో చింతను దేవుని మీద వేయమన్న మాట 55వ కీర్తన భావానికి ప్రతిధ్వని. వైష్ణవుల భరన్యాసం కూడా భారాన్ని మరొకరి మీద పెట్టడమే. వేయడానికి ముందు చేతిలో భారం ఉండాలి. తనకు భారమే లేదని నటించేవాడికి ఈ వాక్యం పనికిరాదు.

నమ్ము, నమ్ముకొను

కీర్తన నుంచి ఒక్కసారి వ్యవహారం వైపు తిరగాలి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎవరైనా క్రైస్తవం స్వీకరిస్తే మతం మారారన్న మాట బయటివారిది. లోపలివారి మాట ‘ప్రభువును నమ్ముకొన్నారు’ అన్నది. ఇది తెలుగు క్రైస్తవుల సామాన్య వ్యవహారమే అయినా ఈ ప్రాంతపు బ్రతుకులో దానికి తోడైన ఇతర వాడుకలను కలిపి చూసినప్పుడు దాని బరువు తెలుస్తుంది. వంశధార, నాగావళి నీరు అందని మెట్టపొలం రైతు వానను నమ్ముకొన్నవాడు. కళింగపట్నం, భావనపాడు తీరాన వలవేసేవాడు సముద్రాన్ని నమ్ముకొన్నవాడు.

‘నమ్ము’కూ ‘నమ్ముకొను’కూ గల భేదం ఆత్మార్థక ‘కొను’లో ఉంది. వార్తను నమ్ముతాం. భూమిని నమ్ముకొంటాం. మొదటిది ఒక విషయం నిజమని ఒప్పుకోవడం, రెండవది బ్రతుకును దాని మీద పెట్టడం. సముద్రాన్ని నమ్ముకొన్నవాడు సముద్రం తనకు చేపలిస్తుందన్న సిద్ధాంతం పట్టుకొని ఒడ్డున కూర్చోడు. వల బాగుచేసుకొంటాడు, గాలి చూస్తాడు, రాత్రి నిద్రపట్టక లేచి కూర్చొంటాడు. వానను నమ్ముకొన్న రైతు మబ్బును చూసి దిగులు పడకుండా ఉండడు. నమ్ముకొనడంలో పనీ ఉంది, దిగులూ ఉంది. లేనిదల్లా మరో దారి. ‘ప్రభువును నమ్ముకొన్నారు’ అన్న వాడుక ఈ వరుసలో చేరినది గనుక, అందులో ఏ దిగులూ లేని స్థితి అన్న అర్థం మొదటి నుంచీ లేదు. పండితులు ‘విశ్వాసము’ అన్న తత్సమాన్ని ఎంతగా వాడినా, ఈ క్రియ మోసినది దానికి అందలేదు.

చౌదరి ‘నమ్మితి’ అన్నాడే గాని ‘నమ్ముకొంటి’ అనలేదన్నది గమనార్హం. గతి, తాళం కోసమనుకోవచ్చు. కాని ‘దిక్కు’ అన్న మాట ఆ లోటును తీరుస్తుంది. అది కూడా పై రెండు కీర్తనల్లోనూ ఉంది. దిక్కు అంటే దిశ, దిక్కు అంటే ఆధారం. దిక్కులేనివాడు అనాథ. తత్సమమైన ‘శరణు’ కన్నా, దిశను చెప్పే తద్భవమైన ‘దిక్కు’ నిరుపేద శ్రోతకు దగ్గరి మాట. సంస్కృత ‘త్రాహి’తో మొదలైన పల్లవి ‘దిక్కు’ దగ్గరికి వచ్చేసరికి గుడి ముంగిట నుంచి వీధిలోకి వచ్చినట్లవుతుంది. గ్రాంథిక వ్యావహారిక వాదం పుట్టడానికి ఎంతో ముందే ఇది జరిగింది. ఆ వాదానికి నాయకుడైన గిడుగు రామమూర్తి శ్రీముఖలింగం దగ్గర పుట్టి, పర్లాకిమిడిలోనే జీవితంలో అధికభాగం పనిచేశాడన్నది కాకతాళీయమే అయినా గుర్తుచేసుకోదగినది.

అన్నం చింత

ఇంతవరకు చెప్పినది చౌదరికి అనుకూలమైన పఠనం. దీనికి ఎదురు నిలిచే సాక్ష్యం కీర్తనల్లోనే ఉంది. మత్తయి సువార్తలో యేసు మాట్లాడినది తిండి, బట్ట గురించి. చౌదరి కీర్తనల్లో ప్రధానంగా వినిపించే కలత పాపం గురించి, ముక్తి గురించి. ఐహిక సుఖాన్ని వెదికితినన్న పశ్చాత్తాపం ‘నీ చరణములే నమ్మితి’లో ఉంది. అన్నం లేదన్న మొర లేదు. కొండమీది ప్రసంగంలో కేంద్రంగా ఉన్న కడుపు చింత ఈ కీర్తనల్లోకి ఎందుకు రాలేదు?

కాలం ఆ చింతకు కారణాలు ఇవ్వలేదని అనలేం. ఆయన బాప్తిస్మం పొందిన 1833 నాటికే కృష్ణకు ఇరువైపులా తెలుగు నేలను నందన కరువు తుడిచిపెడుతోంది. 1866లో ఒడిశాను ఊడ్చిన ‘న అంక’ కరువు గంజాం మండలాన్నీ వదలలేదు. ఒడిశాలో అప్పుడు పోయినవారు పది లక్షల వరకు ఉంటారని అంచనా. నేటి శ్రీకాకుళం నాడు గంజాం మండలంలోనిది. 1888–89లో ఆ మండలంలో మళ్ళీ కరువు. అంటే ఎనభై ఏళ్ళు దాటిన చౌదరి బ్రతికి ఉండగానే. ఈ నేల నుంచి రంగూనుకు ఓడలెక్కిన కూలీల వలస ఆ శతాబ్ది చివరి దశకాల్లో ముమ్మరమైనది. ఇంత ఆకలి చుట్టూ ఉండగా కీర్తన పాపాన్నే ప్రధానంగా పాడింది.

సమాధానంలో కొంత భాగం సంప్రదాయంలో దొరుకుతుంది. రామదాసుతో పోల్చితే భేదం స్పష్టమవుతుంది. చెరసాలలోని రామదాసు తాను చేసిన ఖర్చులు లెక్కగట్టి రాముణ్ణే నిలదీస్తాడు. ఐహికమైన కష్టం అతని కీర్తనలో ఐహికంగానే ఉండి, దైవం మీద అభియోగంగా మారుతుంది. చౌదరికి ఆ నిందాస్తుతి మార్గం అందుబాటులో ఉండీ ఆయన దానిని పట్టలేదు. లెక్కను తనవైపు తిప్పుకొన్నాడు. గవ్వ చేయనివాడు తాను. సువార్త ప్రచార సంప్రదాయం పాపపు ఒప్పుకోలుకు ఇచ్చిన ప్రాముఖ్యం ఇక్కడ పనిచేసిందని ఊహించవచ్చు.

మిగిలిన భాగం కవి పుట్టుకకు సంబంధించినదని చెప్పక తప్పదు. ‘ఐహిక సుఖం’ అన్నది విడిచిపెట్టగలిగినవాడి మాట. అగ్రకులం, చదువు, బంధువర్గం విడిచివచ్చిన చౌదరి ఆ మాట అనడానికి అర్హుడు. ఆ మాటకు ఆయన మూల్యం చెల్లించాడు. కాని ఆయన కీర్తన పాడిన సంఘాల్లో అధికులైన దళిత కుటుంబాలకు గంజి ఐహిక సుఖం కాదు, ఐహిక అవసరం. సుఖాన్ని త్యజించమన్న మాటకూ అవసరం గురించి చింతించవద్దన్న మాటకూ మధ్య అగాధం ఉంది. మొదటిది వైరాగ్యం, రెండవది వాగ్దానం. యేసు చెప్పినది రెండవది. మీకివి కావాలని తండ్రికి తెలుసు అన్నది ఆ బోధకు ఆధారం. చౌదరి కీర్తన వాగ్దానాన్ని వైరాగ్యంగా వినిపించిన చోట వైష్ణవ పదజాలం క్రైస్తవ వస్తువును కొంత పక్కకు లాగిందనే చెప్పాలి. సమన్వయం అన్న ప్రశంసావాక్యం ఈ నష్టాన్ని కప్పిపుచ్చుతూ వచ్చింది.

యాకోబు పత్రిక రెండవ అధ్యాయం ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. బట్టలు లేక, ఆ పూట తిండి లేక ఉన్నవారికి ఏమీ ఇవ్వకుండా సమాధానంగా వెళ్ళమని చెప్పడం వ్యర్థమని ఆ పత్రిక తేల్చింది. చింతపడవద్దన్న విధిని ఎవరు ఎవరికి చెప్పవచ్చు అన్న ప్రశ్న అందులో ఉంది. కడుపు నిండినవాడు ఆకలిగొన్నవాడికి చెప్పినప్పుడు ఆ విధి క్రూరమవుతుంది. ప్రసంగానికి ఎప్పుడూ ఈ ప్రమాదం ఉంది. కీర్తనకు అది తక్కువ. ‘రావే’ అన్నవాడు ఎవరికీ ఉపదేశించడం లేదు, పాడేవారితో పాటు తానూ అడిగేవాడే. చౌదరి విధ్యర్థకం దిశ మార్చడంలోని విలువ ఇక్కడే ఉంది. అన్నం చింతను ఆయన రాయకపోయినా, దానిని నోరు మూసుకొమ్మని అనలేదు.

రాయని ఆ చింతను పాడేవారు కీర్తనలోకి తెచ్చుకొన్నారని చెప్పడానికి ఆధారం ‘దిక్కు’ అన్న మాటే. పాఠంలో దాని సందర్భం పాపి శరణు జొచ్చడం. నోటి మీదికి వచ్చాక ఆ మాట తన వ్యావహారిక వ్యాప్తినంతా వెంటతెచ్చుకొంటుంది. భర్త వలసపోయిన ఇల్లాలు, పంట పోయిన రైతు, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరితోట కూలిన ఉద్దానం కుటుంబం ‘దిక్కు’ అని పాడినప్పుడు ఆ మాట పాపపరిహారానికి మాత్రమే పరిమితమై ఉండదు. గ్రంథస్థ పాఠాన్ని మాత్రమే పరిశీలించే పద్ధతికి ఇది అందదు. క్షేత్రపరిశోధన ఈ కీర్తనలకు ఇంకా జరగవలసినంత జరగలేదు.

పాడే పద్ధతిలోనే మరో విశేషం ఉంది. ‘నమ్మితి’ ఏకవచనం. ఏకాంతంలో ఒక్కడు అనవలసిన మాట. ఆదివారం దానిని సంఘమంతా ఒక్క గొంతుతో అంటుంది. బహువచన విధిగా వచ్చిన బోధకు సమాధానం ఏకవచనంలో, కాని అనేకుల నోట వెళుతోంది. సంపుటిలో కీర్తన పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. చాలా సంఘాలు వాటిని పట్టించుకోకుండా తమకు అలవాటైన వరసలో, తమ వేగంలో పాడుకొంటాయి. ఏ వరసలో పాడినా ఒక నియమం మాత్రం చెడదు. ప్రతి చరణం తరువాత పల్లవికి తిరిగి వస్తారు, చివరి చరణం తరువాత కూడా. కనుక ‘త్రాహిమాం’ ఎన్ని చరణాలు పాడినా ఆగేది పల్లవి మీదే, ఇంకా రాని వాణ్ణి రమ్మని పిలుస్తున్న ఆ ‘రావే’ ఉన్నచోటే.